ఆర్టీసీ సమ్మెకు దిగితే హైదరాబాద్‌లో ఎలా తిరగాలి? ఏరియాల వారీగా ఫుల్ గైడ్.. సేవ్ చేసి పెట్టుకోండి

* బస్సులు ఆగినా మెట్రో, ఎంఎంటీఎస్ నడుస్తాయి.. కానీ అన్ని ఏరియాలకూ కాదు
* మీ ఇంటికి, ఆఫీసుకు దగ్గర్లో ఏ స్టేషన్ ఉందో ముందే చూసి పెట్టుకోండి
* ఫ్రీ బస్సు మీద ఆధారపడ్డ మహిళలపైనే ఎక్కువ భారం
* 52 రోజుల 2019 సమ్మె నేర్పిన పాఠాలేంటి?

పొద్దున ఏడున్నరకే బస్టాప్‌కి వచ్చారు. అరగంటైనా బస్సు లేదు. పక్కన నలభై మంది నిలబడి ఉన్నారు. ఖాళీ ఆటో కనిపిస్తే చాలు పదిమంది పరిగెత్తుతున్నారు. ఫోన్‌లో క్యాబ్ చూస్తే రోజూ చూపించే రేటు కాదు. అదీ బుక్ కావడం లేదు.

ఆర్టీసీ సమ్మె మొదటి రోజు హైదరాబాద్‌లో కనిపించే సీన్ ఇదే. 2019లో ఉన్నవాళ్లకు బాగా గుర్తుండే ఉంటుంది. అప్పుడు చాలామంది చేసిన పొరపాటు ఒక్కటే.. రోజూ ఎక్కే బస్సుకు బదులు ఇంటి నుంచి ఆఫీసు దాకా ఒకే బండి దొరుకుతుందేమో అని వెతకడం. సమ్మె రోజు అది దొరకదు, దొరికినా జేబు భరించదు. దారిని మూడు ముక్కలు చేసుకోవాలి. ఇంటి నుంచి దగ్గర్లోని స్టేషన్‌కు, అక్కడి నుంచి రైల్లో, దిగాక ఆఫీసుకు. ఈ మూడింటికీ ముందు రోజు రాత్రే ప్లాన్ ఉండాలి.

సమ్మె వస్తుందని ముందే ఎలా తెలుస్తుంది?

ఆర్టీసీ లాంటి ప్రజా సేవల్లో కార్మికులు సమ్మె చేయాలంటే చట్టం ప్రకారం కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కాబట్టి రాత్రికి రాత్రి ఊడిపడేది కాదు. నోటీసు వార్త వచ్చిన రోజే మీ ప్రిపరేషన్ మొదలుపెట్టండి.

అలాగని నోటీసు ఇస్తే సమ్మె ఖాయమనీ కాదు. 2025 మే 7 నుంచి సమ్మె అని ఆర్టీసీ జేఏసీ ప్రకటించింది. ప్రభుత్వంతో చర్చల తర్వాత ముందు రోజే వాయిదా పడింది. అందుకే రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారి లేవగానే ఒకసారి అప్‌డేట్ చూడండి. సాధారణంగా సమ్మె తెల్లవారుజామున ఫస్ట్ డ్యూటీ నుంచి మొదలవుతుంది. అర్ధరాత్రి దాటాక ఊరి నుంచి వచ్చి దిగేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

2019లో ఏం జరిగింది?

2019 అక్టోబర్ 5న సమ్మె మొదలైంది. సుమారు 48 వేల మంది కార్మికులు విధులు బహిష్కరించారు. ఆర్టీసీని ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది ప్రధాన డిమాండ్. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో విలీనానికి అప్పటికే నిర్ణయం జరిగింది. ఇక్కడేమో డ్యూటీలో చేరని కార్మికులు తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టేనని అప్పటి ప్రభుత్వం తేల్చేసింది. సెప్టెంబర్ జీతాలు కూడా అందలేదు. కేసు హైకోర్టుకు వెళ్లింది.

అది సరిగ్గా బతుకమ్మ, దసరా సీజన్. ఊళ్లకు వెళ్లేవాళ్లు ఎంజీబీఎస్, జేబీఎస్‌లలో గంటలకొద్దీ ఎదురుచూశారు. స్కూళ్లు, కాలేజీలకు దసరా సెలవులను అక్టోబర్ 19 వరకు పొడిగించారు.

బస్సులు పూర్తిగా ఆగలేదు. ప్రైవేటు అద్దె బస్సులు తిరిగాయి. మిగతావాటికి తాత్కాలిక డ్రైవర్లు, కండక్టర్లను పెట్టారు. డ్రైవర్‌కు రోజుకు 1,500, కండక్టర్‌కు 1,000 రూపాయలు. మొదట్లో టికెట్ మెషీన్లు లేకపోవడంతో ఇష్టమొచ్చినంత వసూలు చేస్తున్నారని, పాస్‌లు చెల్లవంటున్నారని ఫిర్యాదులు వెల్లువెత్తాయి.

నవంబర్ 25న జేఏసీ సమ్మె విరమించింది. అప్పటికి 52 రోజులు. కానీ మర్నాడు డిపోలకు వెళ్లినవాళ్లను లోపలికి రానివ్వలేదు. అదే 26వ తేదీన బంజారాహిల్స్‌లో తాత్కాలిక డ్రైవర్ నడిపిన బస్సు ఢీకొని, స్కూటీపై వెళ్తున్న ఓ యువ ఉద్యోగిని ప్రాణాలు కోల్పోయింది. చివరకు నవంబర్ 28న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటనతో 29 నుంచి కార్మికులు డ్యూటీ ఎక్కారు. డిసెంబర్ మొదటి వారంలోనే కిలోమీటరుకు 20 పైసల చొప్పున చార్జీలూ పెరిగాయి.

పాఠం ఏంటంటే.. "రెండు రోజుల్లో తేలిపోతుందిలే" అనుకోవద్దు. ఒక్క రోజుకు కాదు, కనీసం రెండు వారాలకు సరిపడా ప్లాన్ ఉండాలి.

మెట్రో: ముందుగా చూడాల్సింది ఇదే

2019 సమ్మె నాటికి హైదరాబాద్ మెట్రోలో రెండు లైన్లే నడిచేవి. రాయదుర్గం స్టేషన్ తెరిచింది కూడా కార్మికులు తిరిగి డ్యూటీలో చేరిన రోజునే. 2020 ఫిబ్రవరిలో మూడో లైనూ వచ్చింది. ఇప్పుడు మొత్తం 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు.

రెడ్ లైన్: మియాపూర్ నుంచి ఎల్బీనగర్. కూకట్‌పల్లి, అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాద్, నాంపల్లి, ఎంజీబీఎస్, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా.

బ్లూ లైన్: నాగోల్ నుంచి రాయదుర్గం. ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట, అమీర్‌పేట, హైటెక్‌సిటీ మీదుగా.

గ్రీన్ లైన్: జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్. గాంధీ ఆస్పత్రి, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, నారాయణగూడ, సుల్తాన్‌బజార్ మీదుగా.

లైన్ మారే చోట్లు మూడు. రెడ్ నుంచి బ్లూకు అమీర్‌పేట. రెడ్ నుంచి గ్రీన్‌కు ఎంజీబీఎస్. బ్లూ నుంచి గ్రీన్‌కు పరేడ్‌గ్రౌండ్స్.

2025 మేలో సవరించిన చార్జీల ప్రకారం కనీస టికెట్ 11 రూపాయలు, గరిష్ఠం 69 రూపాయలు. రైళ్లు పొద్దున 6 గంటల ప్రాంతంలో మొదలై రాత్రి 11 దాకా ఉంటాయి. చివరి రైలు మీ స్టేషన్‌కు ఎన్నింటికో యాప్‌లో చూసుకోండి.

సమ్మె రోజుల్లో మెట్రోలో గుర్తుంచుకోవాల్సినవి:

1. టికెట్ లైన్లో నిలబడొద్దు. వాట్సాప్‌లో గానీ యాప్‌లో గానీ క్యూఆర్ టికెట్ తీసుకోండి. రోజూ వెళ్లేవాళ్లు స్మార్ట్ కార్డులో ముందే డబ్బులు వేసి పెట్టుకోండి.

2. ఉదయం 9 నుంచి 10.30, సాయంత్రం 5.30 నుంచి 8 మధ్య అమీర్‌పేటలో కాలు పెట్టే చోటు ఉండదు. మామూలు రోజుల్లోనే అంత రద్దీ. వీలైతే గంట ముందు బయల్దేరండి.

3. మెట్రోకు మూడు బోగీలే. ఒక రైలు వదిలేసినా పర్లేదు, కొద్ది నిమిషాల్లో ఇంకోటి వస్తుంది. పిల్లలు, పెద్దవాళ్లు పక్కనుంటే తోసుకుని ఎక్కొద్దు.

4. స్టేషన్ పార్కింగ్‌లు పొద్దున్నే నిండిపోతాయి. బండి పెట్టి వెళ్దామనుకుంటే త్వరగా చేరుకోండి.

ఎంఎంటీఎస్: తక్కువ ఖర్చు.. కానీ టైమ్ చూసుకోవాలి

2003లో మొదలైన ఎంఎంటీఎస్ సిటీలో అన్నిటికంటే చవక. టికెట్ 5 రూపాయల నుంచే మొదలవుతుంది. లింగంపల్లి నుంచి చందానగర్, హఫీజ్‌పేట, బోరబండ, బేగంపేట మీదుగా ఒకవైపు నాంపల్లికి, ఇంకోవైపు సికింద్రాబాద్, కాచిగూడ, మలక్‌పేట, యాకుత్‌పురా మీదుగా ఫలక్‌నుమాకు సర్వీసులున్నాయి. 2023 ఏప్రిల్ నుంచి మేడ్చల్, ఉందానగర్ వైపూ రైళ్లు నడుస్తున్నాయి.

చిక్కల్లా ఒక్కటే. మెట్రోలా నిమిషాల్లో రైలు రాదు. ఒకటి మిస్సయితే అరగంట, గంట కూడా ఆగాల్సి రావొచ్చు. ఆదివారాలు సర్వీసులు ఇంకా తక్కువ. అందుకే స్టేషన్‌కు వెళ్లాక టైమ్ అడగడం కాదు, టైమ్ చూసుకునే ఇంట్లోంచి కదలండి.

మెట్రో, ఎంఎంటీఎస్ దగ్గరదగ్గరగా ఉండే చోట్లు కొన్ని ఉన్నాయి. బేగంపేట, భరత్‌నగర్, ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి, మలక్‌పేట, సికింద్రాబాద్. ఇక్కడ ఒకటి దిగి ఇంకోటి ఎక్కొచ్చు.

ఒక జాగ్రత్త. హైటెక్‌సిటీ పేరుతో మెట్రో స్టేషనూ ఉంది, ఎంఎంటీఎస్ స్టేషనూ ఉంది. రెండూ ఒకచోట లేవు. మధ్యలో కిలోమీటర్ల దూరం. కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే.

మీ ఏరియా ఎక్కడ? ఇలా ప్లాన్ చేసుకోండి

హయత్‌నగర్, వనస్థలిపురం, బీఎన్‌రెడ్డి నగర్: షేర్ ఆటోలో ఎల్బీనగర్ మెట్రోకు చేరండి. కోఠి, నాంపల్లి, అమీర్‌పేట నేరుగా వెళ్లొచ్చు. హైటెక్‌సిటీ అయితే అమీర్‌పేటలో లైన్ మారాలి.

బోడుప్పల్, పీర్జాదిగూడ: ఉప్పల్ మెట్రో దగ్గర. అక్కడి నుంచి రాయదుర్గం దాకా మారే పని లేకుండా ఒకటే రైలు.

ఈసీఐఎల్, ఏఎస్‌రావు నగర్, కుషాయిగూడ: మెట్రో లేదు. తార్నాక గానీ హబ్సిగూడ గానీ చేరుకోవాలి. ఆటోలకు ఇక్కడ డిమాండ్ ఎక్కువ కాబట్టి పక్కింటి వాళ్లతో కలిసి ముందే మాట్లాడి పెట్టుకోండి.

మేడ్చల్, బొల్లారం, అల్వాల్: ఎంఎంటీఎస్ ఉంది కానీ ట్రిప్పులు తక్కువ. టైమ్ కుదరకపోతే ఆటోలో జేబీఎస్‌కు వచ్చి మెట్రో ఎక్కండి.

లింగంపల్లి, చందానగర్, బీహెచ్ఈఎల్: ఎంఎంటీఎస్ బెస్ట్. లేదంటే మియాపూర్ నుంచి మెట్రో.

జీడిమెట్ల, షాపూర్‌నగర్: బాలానగర్ మెట్రోకు చేరుకోవడం మేలు.

గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్: రాయదుర్గంలో దిగాక అసలు పరీక్ష మొదలవుతుంది. అక్కడి నుంచి క్యాబ్, ఆటో తప్ప గతి లేదు. కంపెనీ షటిల్ ఉందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. లేకపోతే ఒకే ఆఫీసు వాళ్లు నలుగురు కలిసి క్యాబ్ మాట్లాడుకోండి.

మెహదీపట్నం, టోలిచౌకి, అత్తాపూర్, రాజేంద్రనగర్: ఈ వైపు మెట్రో లేదు. మెహదీపట్నం నుంచి లక్డీకాపూల్, టోలిచౌకి నుంచి రాయదుర్గం దగ్గర.

చార్మినార్, చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా: పాతబస్తీలోకి మెట్రో వెళ్లలేదు. గ్రీన్ లైన్ ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయింది. ఫలక్‌నుమా, ఉప్పుగూడ, యాకుత్‌పురా, డబీర్‌పురాల్లో ఎంఎంటీఎస్ ఎక్కి మలక్‌పేటలో మెట్రోకు మారొచ్చు. చార్మినార్ వైపు వాళ్లకు ఎంజీబీఎస్ స్టేషన్ రెండు కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది.

ఆస్పత్రికి వెళ్లాలా?

డయాలసిస్, కీమో లాంటివి వాయిదా వేసుకునేవి కావు. ఏ ఆస్పత్రికి ఏ స్టేషనో చూసుకోండి.

* గాంధీ ఆస్పత్రి: అదే పేరుతో గ్రీన్ లైన్లో స్టేషన్ ఉంది
* నిమ్స్: పంజాగుట్ట లేదా ఇర్రంమంజిల్
* ఉస్మానియా: ఎంజీబీఎస్ లేదా ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్
* సనత్‌నగర్ ఈఎస్ఐ: ఈఎస్ఐ స్టేషన్
* ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, నీలోఫర్: లక్డీకాపూల్‌లో దిగి ఆటో

మెట్రో స్టేషన్లలో లిఫ్టులుంటాయి. నడవలేని వాళ్లుంటే సిబ్బందికి చెప్పండి. ఎమర్జెన్సీ అయితే ఇవేవీ ఆలోచించొద్దు, 108కి కాల్ చేయండి. ఆర్టీసీ సమ్మెతో అంబులెన్స్‌లకు సంబంధం లేదు.

ఆటో, క్యాబ్, బైక్ ట్యాక్సీ.. మోసపోకండి

ఆటో ఎక్కే ముందే రేటు మాట్లాడుకోండి. "దిగాక చూద్దాం లే" అంటే దిగాక గొడవే. షేర్ ఆటో అయితే మనిషికి ఎంతో అడగండి. పరిమితికి మించి ఎక్కించుకున్న బండి ఎక్కొద్దు.

క్యాబ్ యాప్‌లో రేటు ఎక్కువ చూపిస్తే పది నిమిషాలాగి మళ్లీ చూడండి. రెండు మూడు యాప్‌లు పోల్చండి. బస్టాప్, మెట్రో గేటు ముందు నిలబడి బుక్ చేస్తే రేటూ ఎక్కువ, బండీ రాదు. నాలుగడుగులు నడిచి పక్క వీధిలోకి వెళ్లి ట్రై చేయండి.

బైక్ ట్యాక్సీ ఎక్కితే హెల్మెట్ అడిగి తీసుకోండి. నంబర్ ప్లేట్ యాప్‌లో ఉన్నదేనా చూడండి.

రాత్రి ఒంటరిగా వెళ్లే మహిళలు తెలంగాణ పోలీసుల టీ సేఫ్ సర్వీసు వాడుకోవచ్చు. 2024 మార్చిలో తెచ్చారు. గమ్యం చేరేదాకా మీ ప్రయాణాన్ని పోలీసులు ట్రాక్ చేస్తారు. లైవ్ లొకేషన్ ఇంట్లో వాళ్లకూ పంపండి. ఆపద అనిపిస్తే 100 లేదా 112.

సమ్మెలోనూ బస్సు కనిపిస్తే?

ఎక్కొచ్చు. కాకపోతే 2019 అనుభవాలు మర్చిపోవద్దు. టికెట్ అడగండి. టికెట్ ఇవ్వకుండా డబ్బు తీసుకుంటే బస్సు నంబర్ నోట్ చేసుకోండి. పాస్, ఆధార్ దగ్గర ఉంచుకోండి. చిల్లర తీసుకెళ్లండి. ఫుట్‌బోర్డుపై వేలాడొద్దు. నడిపేది ఆ రూటు తెలియని డ్రైవర్ అయి ఉండొచ్చు.

డిపోల దగ్గర ధర్నాలు, అరెస్టులు జరుగుతుంటాయి. ఆ పక్కగా వెళ్లాల్సి వస్తే ట్రాఫిక్ మళ్లింపులు చూసుకోండి.

ఎవరికి ఎక్కువ దెబ్బ?

2019కీ ఇప్పటికీ పెద్ద తేడా ఒకటుంది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం వచ్చింది. రాష్ట్రంలోని మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఫ్రీ.

హయత్‌నగర్ నుంచి కోఠి వైపు ఇళ్లలో పనికి వచ్చే ఒక అక్కను ఊహించుకోండి. ఇవాళ ఆమె దారి ఖర్చు సున్నా. బస్సులు ఆగితే షేర్ ఆటో, మెట్రో కలిపి ఒకవైపు 60 రూపాయలనుకున్నా రోజుకు 120. నెలలో 26 పని రోజులకు 3,120 రూపాయలు. ఒక ఇంట్లో పనిచేసినందుకు వచ్చే జీతం మొత్తం దారికే పోయినట్టు. రాకపోతే జీతం కట్. వస్తే జేబు ఖాళీ.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంది. అడ్డా మీద కూలీకి, షాపులో సేల్స్‌గర్ల్‌కు, ఆస్పత్రి ఆయాకు అది లేదు. మీ ఇంట్లో పనిచేసే వాళ్లు, మీ షాపులో స్టాఫ్ ఉంటే సమ్మె రోజుల్లో టైమింగ్స్ కాస్త సడలించండి, దారి ఖర్చు ఇవ్వండి. ఆలస్యమైందని జీతం కోయకండి. అటువైపే వెళ్తుంటే మీ బండి మీద స్టేషన్ దాకా దింపినా పెద్ద సాయమే.

ఇంకో మాట. బస్సు ఆపిన డ్రైవర్, కండక్టర్ కూడా జీతం మీదే బతికేవాళ్లు. 2019లో వాళ్లు దాదాపు రెండు నెలలు జీతాల్లేకుండా ఉన్నారు. డిమాండ్లు న్యాయమా కాదా అన్నది ఎవరి అభిప్రాయం వాళ్లది. రోడ్డు మీద కనిపించిన కార్మికుడితో గొడవ పడితే మాత్రం బస్సు రాదు.

తరచూ అడిగే ప్రశ్నలు

పరీక్ష ఉంది, ఏం చేయాలి?
ముందు రోజే సెంటర్ చూసి రండి. మామూలు రోజు పట్టే టైమ్‌కు రెట్టింపు పెట్టుకుని బయల్దేరండి. నిమిషం నిబంధన ఉన్న పరీక్షలకు "బస్సులు లేవు సార్" అంటే గేటు తీయరు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు ఎలా?
పుష్పక్ బస్సులూ ఆర్టీసీవే. వాటిని నమ్ముకోవద్దు. ఎయిర్‌పోర్టు దాకా మెట్రో ఇంకా లేదు. క్యాబ్ ముందు రోజే బుక్ చేసుకుని, మామూలు కంటే గంటన్నర ముందు కదలండి.

ఊరికి వెళ్లాలంటే?
మొదటి ఆప్షన్ రైలే. టికెట్‌పై స్టేషన్ పేరు సరిగ్గా చూడండి. 2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్ నుంచి ఇప్పుడు చాలా రైళ్లు వెళ్తున్నాయి. అక్కడ మెట్రో లేదు. హబ్సిగూడ దాకా మెట్రోలో వచ్చి ఆటో తీసుకోండి. రోడ్డు మార్గంలో అయితే వరంగల్ వైపు ఉప్పల్, విజయవాడ వైపు ఎల్బీనగర్, మహబూబ్‌నగర్ వైపు ఆరాంఘర్ దగ్గర ప్రైవేటు వాహనాలు దొరుకుతాయి. రేటు ముందే మాట్లాడుకోండి.

ఈ రాత్రికే చేయాల్సిన ఐదు పనులు

1. ఇంటికి, ఆఫీసుకు దగ్గరి స్టేషన్ల పేర్లు రాసుకోండి
2. ఇంటి నుంచి స్టేషన్‌కు నడిస్తే ఎంతసేపో ఒకసారి నడిచి చూడండి
3. తెలిసిన ఆటో అన్న నంబర్ ఫోన్‌లో వేసుకోండి
4. కాలనీ వాట్సాప్ గ్రూపులో "ఎవరు ఎటు వెళ్తున్నారు" అని అడగండి
5. ఫోన్ చార్జింగ్ పెట్టండి.. టికెట్, మ్యాప్, క్యాబ్ అన్నీ అందులోనే

సమ్మె ఎన్ని రోజులు సాగుతుందో ఎవరూ చెప్పలేరు. రేపు పొద్దున మీరు ఎలా వెళ్లాలో మాత్రం ఈ రాత్రే తేల్చుకోవచ్చు. ఇంట్లో ఫోన్ చూడని పెద్దవాళ్లుంటే ఈ వివరాలు చదివి వినిపించండి. రోజూ బస్సులో వెళ్లే మీ ఫ్రెండ్స్‌కు షేర్ చేయండి.